చేతులు కాలాక తెలిసిన లైట్ల లెక్క

చిన్న బ్యాండు పెట్టుకుని, స్టేజి లైట్లు సొంతంగా చేసుకోవాలనుకునే పిల్లలు నన్ను తరచూ సలహా అడుగుతుంటారు. అందరి మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఇంత డబ్బుకు ఎన్ని లైట్లొస్తయి?" నేనూ ఒకప్పుడు ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. మేం చేసిన తప్పులన్నీ దాంట్లోంచే పుట్టాయి. చివరికి మా గాయకుడి ప్రాణం మీదికి వచ్చింది. అది నా చేతులతో చేసిన లైటు వల్లే జరిగింది. మరొకరి ఇంట్లో అలాంటి రాత్రి రాకూడదని, ఏం చేశామో, ఎందుకు అలా జరిగిందో వివరంగా రాస్తున్నాను.

మాది వరంగల్. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో స్నేహితులం కలిసి బ్యాండు పెట్టుకున్నాం. వినాయక చవితి మండపాలు, కాలేజీ ఫెస్టులు, పెళ్లి రిసెప్షన్లు మాకు ఆధారం. వచ్చిన దాంట్లో ఎక్కువ భాగం సౌండ్ అద్దెకే పోయేది. లైట్లంటే టెంట్ హౌస్ వాళ్లు రెండు పక్కలా నిలబెట్టే హాలోజన్లే. వాటి వెలుగు కళ్లల్లో కొట్టేది. పాట ఏదైనా స్టేజి మాత్రం ఒకేలా కనబడేది. విషాదగీతం పాడుతున్నా పెళ్లి భోజనాల పందిరిలో ఉన్నట్టే ఉండేది. నేను కీబోర్డు వాయిస్తాను, సోల్డరింగ్ కూడా వచ్చు. లైట్లు నేనే చేస్తానన్నాను.

పెద్ద కచేరీల్లో దశాబ్దాల పాటు రాజ్యమేలిన లైటు పార్ క్యాన్. గుండ్రటి రేకు డబ్బాలో, అద్దంలాంటి గిన్నెతో కలిసి ఉండే బల్బు. పార్ 64 అంటే బల్బు ముఖం అంగుళంలో ఎనిమిదో వంతులు 64, అంటే 8 అంగుళాల వెడల్పు. 1000 వాట్ల బల్బు పెడితే 230 వోల్టుల దగ్గర ఒక్కోటి నాలుగు ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఆరు పెడితే 26 ఆంపియర్లు. మండపంలో మాకు దొరికేది మహా అయితే ఒక 16 ఆంపియర్ల ప్లగ్గు, లేదంటే 6 ఆంపియర్లది. మొదటిది 3680 వాట్లు, రెండోది 1380 వాట్లు మోస్తుంది. సౌండ్ కూడా అందులోంచే నడవాలి. కాబట్టి ఎల్ఈడీలతో చేసుకోవాలని అనుకున్నాం. ఆ నిర్ణయం వరకు సరైనదే.

సామాను కోసం హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లాం. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు అది పెట్టింది పేరు. అక్కడ నా కంట పడ్డవి 'డ్రైవర్ అక్కర్లేని' 50 వాట్ల ఎల్ఈడీ చిప్పులు. అరచేతి కంటే చిన్న అల్యూమినియం పలక, దాని మీదే ఎల్ఈడీలు, అంచున రెండు తీగలు అతికించే చోటు. 230 వోల్టుల కరెంటు నేరుగా ఇస్తే చాలు, కళ్లు చెదిరేలా వెలుగుతుంది. డ్రైవర్‌తో ఒక లైటు చేసే డబ్బుకు ఇవి నాలుగైదు వచ్చేలా ఉన్నాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు సంచి నిండా కొన్నాను.

ఆ డ్రైవర్ ఎందుకు ఉంటుందో నాకు తెలియనిది కాదు. అది ఇంటి కరెంటును తక్కువ వోల్టేజీ డీసీగా మారుస్తుంది. మంచి రకంలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, ప్రమాదకరమైన కరెంటుకూ మనం తాకే భాగానికీ సంబంధం తెంచేస్తుంది. ఈ చిప్పులో ఆ అడ్డం లేదు. ఫేజుకూ అల్యూమినియం పలకకూ మధ్య ఉన్నది సన్నటి ఇన్సులేషన్ పొర ఒక్కటే. నేను ఆ పలకను పాత కంప్యూటర్ హీట్ సింకుకు బిగించాను, హీట్ సింకును ఖాళీ పెయింట్ డబ్బాకు, డబ్బాను ఇనప స్టాండుకు. అంటే ఆ పొర ఎక్కడైనా వేడికి దెబ్బతింటే, డబ్బాతో పాటు స్టాండు మొత్తం ఫేజు అయిపోతుంది. ఈ సంగతి పరీక్షలో అడిగితే రాయగలిగేవాణ్ణే. చేతిలో డబ్బాలు మెరుస్తుంటే ఆలోచించలేదు.

దానికి తోడు ఎర్త్ తీసేశాను. రెండు కారణాలున్నాయి. మూడు తీగల కేబులు కంటే రెండు తీగలది చవక. రెండోది స్పీకర్లలో గుర్రుమనే మోత. రెండు ప్లగ్గులు దొరికినచోట మిక్సర్ ఒకదాంట్లో, దానికి సౌండ్ తీగతో కలిపిన ఆంప్లిఫయర్ లైట్లతో పాటు ఇంకో మూల ఉన్నదాంట్లో పెట్టి రెంటికీ ఎర్త్ కలిపితే, ఆ రెండు ఎర్త్‌ల మధ్య ఉండే చిన్న తేడా సౌండ్ తీగల గుండా తిరిగి మోతగా వినబడుతుంది. ఎర్త్ పిన్ను తీసేస్తే మోత ఆగిపోతుంది. సౌండ్ పని తెలిసినవాళ్లు కొందరు ఇప్పటికీ ఈ చిట్కా చెప్తారు. నేనూ విన్నాను, చేశాను, మోత తగ్గిందని సంతోషించాను.

ఆ లైట్లు మొదటి నుంచీ మాకు సంకేతాలు ఇస్తూనే ఉన్నాయి. స్టాండు జరిపేటప్పుడు వేళ్లకు జివ్వుమనేది. "చెప్పులేసుకుని పట్టుకో" అని ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. వీడియోల్లో నల్లటి చారలు కదిలేవి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు కాబట్టి, దాన్ని నునుపు చేసే డ్రైవర్ లేకపోతే ఎల్ఈడీ సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. కంటికి తెలియదు గానీ కెమెరా పట్టేస్తుంది. మా డ్రమ్మర్ చేతిలో కర్ర ఒకటి కాకుండా విసనకర్ర రేకుల్లా అనేకంగా కనబడేది. చూసినవాళ్లు అదేదో ఎఫెక్ట్ అనుకున్నారు. నిజానికి అవన్నీ ఒకే లోపానికి గుర్తులు. లైటులో ఉండాల్సిన వస్తువు లేదని చెబుతున్నాయి. మాకు లైట్ల సంఖ్య మీదే ధ్యాస.

ఆ రాత్రి వినాయక మండపం దగ్గర కార్యక్రమం. సాయంత్రం వాన పడి వెలిసింది. స్టేజి మీద వేసిన పట్టా తడిగా ఉంది. పాట మధ్యలో మా గాయకుడు పక్కకు జరిగి, ఒక చేతిలో మైకు ఉండగానే రెండో చేత్తో లైటు స్టాండు పట్టుకున్నాడు. పాట ఆగిపోయింది. మొదట మాటలు మర్చిపోయాడనుకున్నాం. స్టాండును వదలలేక బిగుసుకుపోయి ఉన్నాడని గ్రహించింది బేస్ గిటార్ వాయించే తమ్ముడు. వాడు మనిషిని ముట్టుకోకుండా పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆపేశాడు. ఆ సమయస్ఫూర్తే ఇద్దర్నీ కాపాడింది. గాయకుడు కింద పడ్డాడు. అరచేయి కాలింది. ఆస్పత్రిలో ఈసీజీ తీసి, తెల్లవార్లూ ఉంచి పంపారు.

ఎలా జరిగిందో చెప్పాలి, ఎందుకంటే ఇదే పరిస్థితి ఇవాళ కూడా ఎన్నో స్టేజీల మీద ఉంది. మైకు లోహపు ఒళ్లు కేబులు షీల్డు ద్వారా మిక్సర్‌కు, మిక్సర్ నుంచి ఎర్త్‌కు కలిసి ఉంటుంది. అది సరైన పద్ధతే. లైటులో ఇన్సులేషన్ పోయి స్టాండు ఫేజు అయింది. ఒక చేతిలో ఎర్త్, ఒక చేతిలో ఫేజు. మధ్యలో గుండె. శరీరంలోంచి పోయే కరెంటు పది మిల్లీ ఆంపియర్లు దాటే సరికే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదలలేని స్థితి రావచ్చు. బోర్డులో 6 ఆంపియర్ల ఎంసీబీ ఉంది గదా, అదెందుకు పడలేదని చాలామంది అడిగారు. 6 ఆంపియర్లంటే 6000 మిల్లీ ఆంపియర్లు. మనిషిని చంపడానికి అందులో వందో వంతు చాలు. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనుషులను కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా 30 మిల్లీ ఆంపియర్లు ఎటో కారిపోయినా, అది సెకనులో చిన్న భాగంలో సరఫరా తెంచేస్తుంది. నేను ఎర్త్ తీగ ఉంచి, ఆ ఎర్త్ గట్టిగా పనిచేస్తూ ఉంటే, ఇన్సులేషన్ పోయిన క్షణమే ఫేజు నేరుగా ఎర్త్‌లోకి పారి ఎంసీబీ పడిపోయేది. మా గాయకుడు ఆ స్టాండును ముట్టుకోకముందే లైటు ఆరిపోయేది. ఎర్త్ లేదు కాబట్టి ఫేజు స్టాండులో కాచుకుని కూర్చుంది.

స్టేజి మీద కరెంటు ఎంతటి కళాకారుణ్ణయినా వదలదు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో 'స్టోన్ ద క్రోస్' బ్యాండు గిటారిస్టు లెస్ హార్వీ, సరిగా ఎర్త్ కాని మైకును ముట్టుకుని ప్రేక్షకుల ముందే ప్రాణం పోగొట్టుకున్నాడు. మా సంఘటన తర్వాత ఆయన గురించి చదివినప్పుడు నా చేతులు వణికాయి. మావాడు ఇంటికి తిరిగి వచ్చాడు, అంతే తేడా.

ఇంకొక తప్పు చెప్పకపోతే ఈ అనుభవం పూర్తి కాదు. ప్రమాదం జరిగిన మర్నాడు మా గాయకుడి అమ్మ అడిగింది: "స్టేజి మీద కరెంటు ఎట్ల గొట్టింది బిడ్డా?" మండపంలో లైను బాగాలేదని చెప్పాను. ఆ మాట ఊరంతా పాకింది. పాపం, ఆ మండపానికి వైరింగ్ చేసిన అతన్ని కమిటీ వాళ్లు నిలదీశారు. ఆ సంగతి నా చెవిన పడ్డాక నిద్ర పట్టలేదు. డబ్బా విప్పి చిప్పు వెనక కాలిన మచ్చ చూశాను. దాన్ని పట్టుకెళ్లి ముందు ఆమెకు, తర్వాత ఆ ఎలక్ట్రీషియన్‌కు చూపించి నిజం చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఎలక్ట్రీషియన్ మాత్రం మచ్చను చూసి, "ఎర్త్ తీగ ఏదన్నా?" అని ఒక్క మాట అడిగాడు. ప్రమాదం తర్వాత అబద్ధం చెబితే అదే ప్రమాదం ఇంకో చోట జరగడానికి దారి తెరిచినట్టే. నేను నోరు మూసుకుని ఉంటే ఆ మిగతా డబ్బాలు మళ్లీ స్టేజి ఎక్కేవి.

వాటన్నిటినీ పక్కన పడేశాం. ఆ తర్వాత కొన్ని కార్యక్రమాలకు మా దగ్గర మిగిలింది కంపెనీలో తయారైన రెండు ఎల్ఈడీ లైట్లు మాత్రమే. అప్పుడే నాటకాలకు ఏళ్ల తరబడి లైట్లు వేసిన ఒక పెద్దాయన మా రిహార్సల్‌కు వచ్చారు. మా పాత వీడియో చూపిస్తే, "రంగులు మస్తున్నయ్ బిడ్డా, పాడేటోని మొకమే కనవడ్తలేదు" అన్నారు. నిజమే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అన్నీ ఒకేసారి వెలిగించడంతో అవి కలిసిపోయి పాలిపోయిన తెలుపు వచ్చింది, ముఖాలు జబ్బు మనుషుల్లా కనిపించాయి. ఆయన మా రెండు లైట్లలో ఒకదాన్ని మనిషికంటే ఎత్తులో, ముందు నుంచి ఓ పక్కగా పెట్టించి, వెచ్చటి పసుపు తెలుపు వేయమన్నారు. రెండోదాన్ని వెనక నుంచి భుజాల మీద నీలం పడేలా తిప్పారు. గాయకుడి కళ్లు కనబడ్డాయి. అతని వెనక చీకటి కూడా అందంగా ఉందని మొదటిసారి చూశాం. సంచి నిండా కొన్న చిప్పులు ఇవ్వలేనిది రెండు లైట్ల స్థానం ఇచ్చింది.

ఆ తర్వాత ఈ విద్య గురించి వెతికి చదివాను. అమెరికాలో స్టాన్లీ మెక్‌కాండ్లెస్ 1932లోనే స్టేజి లైటింగ్ పద్ధతి మీద పుస్తకం రాశాడు. నటుడి ముఖం మీదికి రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో, ఒకటి వెచ్చటి రంగు, ఒకటి చల్లటి రంగు వేయాలన్నది అందులోని మూల సూత్రం. మన దేశంలో తాపస్ సేన్ 1959లో ఉత్పల్ దత్ నాటకం 'అంగార్'లో బొగ్గు గనిలోకి నీళ్లు ముంచెత్తే దృశ్యాన్ని వెలుగుతోనే చూపించి కలకత్తా ప్రేక్షకులను నివ్వెరపరిచారు. స్టేజి మీద నీళ్లు లేవు. వెలుగు ఎక్కడ పడాలో, ఎలా కదలాలో తెలిసిన మనిషి ఉన్నాడు. తక్కువ డబ్బున్న కళాకారుడు అందుకోవాల్సింది ఈ విద్యనే.

రెండోసారి లైట్లు చేసినప్పుడు ఒక గీత గీసుకున్నాం. 230 వోల్టులు పారే ప్రతి వస్తువూ కొనాలి, 12 వోల్టుల వైపున్నవి మాత్రమే ఇంట్లో చేసుకోవాలి. 230 వోల్టులను 12 వోల్టుల డీసీగా మార్చే, ఎర్త్ బిగించే చోటున్న మంచి ఎస్‌ఎంపీఎస్ కొన్నాం. దాని తర్వాతే నా సోల్డరింగ్. అక్కడ చేసిన తప్పులు ప్రాణం తీసేవి కావు గానీ అవి కూడా నేర్పాయి. మీటరుకు 60 ఎల్ఈడీలుండే 5050 రకం స్ట్రిప్పు మీటరుకు 14.4 వాట్లు తీసుకుంటుంది. 5 మీటర్ల చుట్టకు 72 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు. దాన్ని 10 మీటర్ల దూరానికి అర చదరపు మిల్లీమీటరు వైరుతో లాగితే, పోను రాను 20 మీటర్ల రాగిలోనే నాలుగు వోల్టుల దాకా పోతాయి. ముందు నీలం, ఆకుపచ్చ మసకబారతాయి, ఎరుపు మిగులుతుంది. ఎందుకంటే ఎరుపు ఎల్ఈడీకి తక్కువ వోల్టేజీ సరిపోతుంది. మా తెలుపు చివరికొచ్చేసరికి గులాబీ అయింది ఇందుకే. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే ఆ నష్టం ఒక వోల్టు లోపలికి దిగింది.

ఆర్డుయినో బోర్డుతో వెలుగు తగ్గించి పెంచడానికి మొదట స్విచ్చుల్లా పనిచేసే ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్లు వాడాను. అవి పూర్తిగా తెరుచుకోవాలంటే గేటుకు 10 వోల్టులు కావాలి. ఆర్డుయినో ఇచ్చేది 5. సగం తెరుచుకుని మసిలిపోయాయి. 5 వోల్టులకే తెరుచుకునే ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ పెట్టాక వేడి పోయింది. 12 వోల్టులు చేతికి తగిలినా ఏమీ కాదన్న ధీమాతో ఫ్యూజు మానేయకూడదు. 20 ఆంపియర్లిచ్చే ఎస్‌ఎంపీఎస్ సన్నటి వైరును షార్ట్ అయిన క్షణాల్లో అంటించగలదు. ప్రతి లైటుకూ విడిగా ఫ్యూజు ఉండాలి.

లైట్లు పెరిగాక వాటిని ఒకే చోటి నుంచి నడిపేందుకు డీఎంఎక్స్512 ఉంది. 1986లో అమెరికా రంగస్థల సాంకేతిక నిపుణుల సంస్థ యూఎస్ఐటీటీ రూపొందించిన ఈ పద్ధతిలో ఒకే తీగ వరస మీద 512 చానెళ్లు నడుస్తాయి. కంప్యూటర్‌లో క్యూఎల్‌సీ ప్లస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. వరస చివరి లైటులో 120 ఓముల రెసిస్టర్ పెట్టకపోతే లైట్లు వాటంతట అవే తుళ్లిపడొచ్చు. ఒక విషయం మాత్రం పట్టుదలగా పాటించండి: ఫ్లాష్‌లు ఎడాపెడా కొట్టకండి. సెకనుకు 3 నుంచి 30 సార్ల మధ్య మినుకులు మూర్ఛ ఉన్న కొందరికి ప్రమాదం.

సౌండ్ మోతకు మందు ఎర్త్ తీసేయడంలో లేదు. సౌండ్, లైట్లు అన్నీ ఒకే చోటి సరఫరా నుంచి తీసుకోండి, కరెంటు తీగలను మైకు తీగలకు దూరంగా నడపండి. ఇంకా మోత ఉంటే వాయిద్యాన్ని మిక్సర్‌కు కలిపే డీఐ బాక్సు మీదుండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడండి. అది సిగ్నల్ తీగ షీల్డును విడదీస్తుంది, ప్రాణం కాపాడే కరెంటు ఎర్త్‌ను ముట్టుకోదు. జనరేటర్ మీద నడిపేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. చిన్న జనరేటర్లలో న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపకుండా వదిలేస్తారు. అలాంటప్పుడు ఆర్‌సీసీబీ ఉన్నా పడకపోవచ్చు. ఎర్త్ రాడ్డు, న్యూట్రల్ సంగతి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోకుండా స్టేజి ఎక్కవద్దు.

ఇప్పుడు "ఎన్ని లైట్లొస్తయి" అని అడిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను ఖర్చు వరస రాసి ఇస్తాను. మొదట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఎంసీబీ ఉన్న డిస్ట్రిబ్యూషన్ బాక్సు ఎలక్ట్రీషియన్‌తో కట్టించుకోండి. ప్రతి కార్యక్రమానికి ముందు దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. రెండోది మూడు తీగల మంచి కేబులు. చుట్ట మీద ఉంచి వాడితే వేడెక్కుతుంది, పూర్తిగా విప్పి వాడండి. మూడోది నట్టుబోల్టు క్లాంపులు, తల మీద వేలాడే ప్రతి లైటుకూ రెండో ఆధారంగా ఉక్కు తీగ. నైలాన్ తాడుతో వెదురుకు కట్టిన లైటు వేడికి జారి కింద పడటం మా కళ్లతో చూశాం. నాలుగోది కంపెనీ తయారీ లైట్లు రెండు, ముఖానికి ఒకటి, వెనక నుంచి ఒకటి. ఇంకా డబ్బు మిగిలితే అప్పుడు 12 వోల్టుల స్ట్రిప్పులు, పెయింట్ డబ్బాలు, సోల్డరింగ్.

డబ్బు చాలకపోతే ఈ వరసలో కింది నుంచి తగ్గించుకుంటూ రండి. రెండు లైట్లు ఒకటైనా పాట నిలబడుతుంది. పైనున్న మూడింటిలో ఏ ఒక్కటి కొనలేకపోయినా, ఆ రోజు టెంట్ హౌస్ హాలోజన్ల కిందే పాడండి. పాట వినడానికి వచ్చినవాళ్లు వింటారు. పాడేవాడు క్షేమంగా ఇల్లు చేరతాడు.